మా బావకి పడని వీధి

ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ మొన్న టీ తాగుతూ ఒక మాట అడిగింది. వాళ్లు ఇల్లు వెతుకుతున్నారు. వన్ టౌన్ అవతల, పోర్టు గోడ వెనకాల ఒక ఇల్లు దొరికిందట. ధర అందుబాటులోనే ఉంది. గాలీ వెలుతురూ ఉన్నాయి. "ఏరియానే కొంచెం అదోలా ఉందండీ. మీకు ఆ వైపు తెలుసు కదా, కొనొచ్చంటారా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నొచ్చుకుంది. ఆవిడని చూసి నవ్వలేదని ఎలా చెప్పను? ఏరియా అన్న మాట వింటే నాకు మా బావ గుర్తొస్తాడు. ఆ మాటని ఆయన పలికినట్టు ఇంకెవరూ పలకలేరు. నాలిక మీద వేపాకు పెట్టుకున్నట్టు పలికేవాడు.

మా అక్క మొగుడు. స్టీల్ ప్లాంట్లో ఉద్యోగం. పోయి రెండేళ్లు కావస్తోంది. నాకు ఆయనంటే ఇష్టం లేదు. ఆయన నవ్వించినంతగా నన్ను ఎవరూ నవ్వించలేదు కూడా. రెండూ నిజాలే, ఒకదానికొకటి పడకపోతే నేనేం చెయ్యను?

మనిషి పొట్టి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఆదివారం కూడా జేబులో ప్లాంటు కార్డు ఉండాల్సిందే. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు కుర్చీని రుమాలుతో దులిపేవాడు. తర్వాత కిటికీ దగ్గరికెళ్లి ఊచ మీద చూపుడువేలు రాసి, అంటుకున్న నల్లటి దుమ్ముని వెలుగులో పెట్టి చూసేవాడు. విశాఖపట్నంలో కిటికీకి దుమ్ము లేని ఇల్లు ఎక్కడుంటుంది? పోర్టు బొగ్గు అందరిళ్లకీ వస్తుంది. ఈయన మాత్రం ఆ ఇంటివాళ్ల బండారం ఏదో బయటపెట్టినట్టు ఆ వేలుని గదిలో ఉన్నవాళ్లందరికీ చూపించి, ఆఖరికి వాళ్ల కర్టెనుకే తుడిచేవాడు.

నవ్వితే చప్పుడు వచ్చేది కాదు. భుజాలు మాత్రం ఎగిరేవి. ఆ భుజాలు కదిలాయంటే ఎవరి కొంపో కూలిందన్నమాటే.

గృహప్రవేశాలంటే ఆయనకి ప్రాణం. పిలిచినవాళ్లందరిళ్లకీ వెళ్లేవాడు. ప్రతి ఇంటికీ గోడ గడియారమే బహుమతి. "టైము సూసుకుంతా ఉండండి, ఎప్పుడమ్ముదామా అని" అంటూ చేతిలో పెట్టేవాడు. "ఇల్లు కట్టి సూడమన్నారు బావా. నాను కట్టకుండానే సూత్తన్నాను. ఇందులో ఉన్న సుకం ఎవుడికీ తెల్దు" అనేవాడు నాతో. నన్ను కూడా బావా అనే పిలిచేవాడు.

ఒకసారి ఆయనతోపాటు పనిచేసే ఒకాయన గెడ్డ పక్కన చిన్న ఇల్లు కొన్నాడు. గెడ్డ అంటే మా వైపు కొండల మీంచి వాననీళ్లు మోసుకొచ్చే కాలవ, ఊళ్లోకి వచ్చేసరికి మురుగు. పాపం ఆయన కొత్త పంచె కట్టుకుని స్వయంగా లడ్డూలు వడ్డిస్తున్నాడు. బావ లడ్డూ తీసుకుని, "వానాకాలం మేడ మీద వండుకుంతారేటి, లేకపోతే కిందే ఈదుకుంతా వండుకుంతారేటి?" అన్నాడు. పంక్తంతా ఘొల్లుమంది. పప్పు గిన్నెతో వస్తున్న ఆ ఇంటావిడ గిన్నె అక్కడే దించేసి లోపలికి వెళ్లిపోయింది. మేము బయల్దేరేదాకా మళ్లీ బయటకి రాలేదు. బావ ఆ లడ్డూ తిని ఇంకోటి అడిగి పెట్టించుకున్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా బావ నోటికి ఏ ఊరూ మంచిది కాలేదు.

వీధిని పరీక్ష చెయ్యడానికి ఆయనకి సొంత పద్ధతి ఒకటి ఉండేది. స్కూటరు తీసుకెళ్లి వీధికి అడ్డంగా పెట్టి, దాని మీదే కూర్చునేవాడు. ఎవరైనా వస్తే వినపడనట్టు దిక్కులు చూసేవాడు. ఎంతసేపటికి తిడతారు, ఎలాంటి మాటలతో తిడతారు, తిట్టడానికి ఎవరు బయటికొస్తారు, ఇవీ ఆయన చూసేవి. "వీదికి గొడవే ఎక్స్ రే బావా. ఎముకలన్నీ అగుపడిపోతాయి" అనేవాడు. పెద్దవాళ్లుండే కాలనీల్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. కారు అద్దం కూడా దించకుండా వెనక్కి తీసుకుని ఇంకో దారిన పోయేవారు. వాళ్లంటే బావకి మహా గౌరవం. "అదీ కల్చరంటే" అనేవాడు.

ఇంతమంది ఇళ్లు చూసినాయన తను మాత్రం కొనలేదు. ఉక్కునగరంలో క్వార్టరు ఉంది కదా. వెడల్పు రోడ్లు, చెట్లు, టంచనుగా నీళ్లు. ప్లాంటు ఊరు దాటితే అంతా ఆయనకి గేటు బయటే. "గేటు బయటోళ్లు" అంటే ఆయన భాషలో తిట్టు. క్వార్టరు కంపెనీదనీ, ఉద్యోగం ఉన్నన్నాళ్లే తనదనీ తెలియని మనిషి కాదు. అయినా సొంత డబ్బుతో బాత్రూముకి టైల్స్ వేయించాడు. వంటింట్లో గట్టు మార్పించాడు. పెరట్లో మునగ, కరివేపాకు, బొండుమల్లె వేశాడు. అక్కడ చాలామంది ఇదే పని చేస్తారు. పాతికేళ్లు ఒక గోడ పక్కన పడుకుంటే అది మనదే అనిపిస్తుంది కాబోలు. సొంతింటి మాట ఎత్తితే, "ఉన్న ఇల్లుండగా ఇంకో ఇల్లేటి?" అనేవాడు.

మా అక్కకి ఇల్లు కావాల్సింది బతకడానికి కాదు. ఇది అందరికీ వింతగానే ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మా ఊళ్లో అక్కతో కలిసి పెరిగిన ఒకావిడ సంసారం ద్వారకా నగర్ దగ్గర అద్దింట్లో ఉండేది. ఆవిడ మొగుడు ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని తీసుకొస్తే ఇంటివాళ్లు గేటుకి తాళం వేసేశారు. అద్దెకున్నవాళ్ల శవాన్ని గడప తొక్కనివ్వరు, చాలా చోట్ల అంతే. ఆయన్ని రోడ్డు పక్క బల్ల మీద పడుకోబెట్టారు. అక్క చూడ్డానికి వెళ్లింది. పక్కనుంచి ఆటోలు పోతుంటే ఆవిడ మొగుడి మొహం మీద దుమ్ము పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుందట. అక్క ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

"అద్దింటోల్ల సావు సావు కాదురా" అంది నాతో. "కుక్కకైనా ఓ అరుగుంటాది. నాకు రెండు గదుల కొంప సాలు. సచ్చినాక ఒక్క పూట నా ఇంట్లో నాను పడుకోవాల. మీ బావ రిటైరవ్వకముందే కొనిపించరా."

వాళ్లకి పిల్లల్లేరు. కాబట్టి ఆ భయంలో తర్కం ఉంది. బావకి చెబితే భుజాలు ఎగిరాయి.

చివరికి అక్కే ఒక ఇల్లు కనిపెట్టింది. వన్ టౌన్లో మంచాలూ బీరువాలూ చేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. అక్క పెళ్లినాటి మంచం ఆయన చేసిందే. ఆయన ఇంటి పక్క ఇల్లు కూడా ఆయనదే, అది అమ్ముతానన్నాడు. పోర్టు ప్రహరీ వెనక వీధి, అక్కడివాళ్లు గోడెనక అంటారు. బావ రిటైర్మెంటుకి ఇంక ఒక్క ఏడాది ఉంది. అక్క పోరు పడలేక బయల్దేరాడు. నేను అక్కని ఆటోలో తీసుకెళ్లాను, ఆయన స్కూటరు మీద వచ్చాడు.

ఉన్నమాట చెప్పాలి, వీధి మంచిది కాదు. మొదట్లోనే మందు దుకాణం. దాని పక్కన అరుగు మీద పట్టపగలు పేకాట. ఆ వారమే అక్కడ ఎవరినో కొట్టి కాలవలో పడేశారని ఆటోవాడే చెప్పాడు. ఆకుల మీదా, ఆరేసిన బట్టల మీదా బొగ్గుపొడి. ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా ఉండగలిగే వీధేనా అంటే నేనైనా గుండెమీద చెయ్యేసుకుని అవునని చెప్పలేను. అదే మాట బావ మామూలుగా చెప్పి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆయన స్కూటరు అడ్డంగా పెట్టి కూర్చున్నాడు. ఎవరూ తిట్టలేదు. పేకాట దగ్గర్నుంచి లుంగీలు కట్టుకున్న ముగ్గురు లేచొచ్చారు. మనిషితో సహా స్కూటరుని ఎత్తి, పక్కకి పెట్టారు. వాళ్లలో ఒకడు చేతులు దులుపుకుంటూ, "ఎవలింటికొచ్చినావు బావా?" అని అడిగాడు. మా వైపు ముక్కూమొహం తెలియని వాణ్ణి కూడా బావా అనే అంటారు. బావ మొహం మాడిపోయింది. "నాను ఈడికి బావనేటి?" అని నా చెవిలో నాలుగుసార్లన్నా అన్నాడు.

ఇల్లు మాత్రం బాగుంది. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా. తలుపులు సాయిబు చేతివి, టేకు. అక్క ముందుగది మధ్యలో నిలబడి నాలుగువైపులా చూసింది. దేనికి చూసిందో నాకు తెలుసు. బావ లోపలికి రాలేదు. వసారా మెట్టు కింద చెప్పులతో నిలబడ్డాడు. సాయిబు ట్రేలో టీ పట్టుకొచ్చి, "తీసుకోండి బాబూ, అల్లం ఏసినాను" అన్నాడు. బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అక్క ఆయన కప్పు కూడా తనే తీసుకుని రెండు కప్పులూ తాగింది.

"ఎలగుందండీ?" అని అడిగింది.

"ఈ వీదిలో కొన్నాక తలుపు సాల్తాదేటి, బోను కట్టించుకోవాలేటి?"

"వీది సంగతి కాదు. ఇల్లెలగుంది?"

"నీకిల్లెందుకే? నీకు కావాల్సింది నీ సావుకో స్టేజీ" అన్నాడు. సాయిబు అక్కడే ఉన్నాడు. గోడవతల మనుషులు తొంగి చూస్తున్నారు. "దానికి ఇల్లు కొనాలేటి? నువ్వు ముందు సస్తే బండెక్కించి మీ ఊరంపేత్తాను. మీ తమ్ముడు సూసుకుంతాడు. ఏం బావా?" అని నా వైపు తిరిగాడు. భుజాలు ఎగిరాయి.

"మరి మీరు ముందు పోతే?" అంది అక్క.

"నాను ఈ వీదిలో బతకనూ, సావనూ. సరేనా?"

అక్క ఖాళీ కప్పులు రెండూ ట్రేలో పెట్టింది. "ఎల్లొస్తాం బాబాయ్" అంది సాయిబుతో. ఆ తర్వాత ఇంటి మాట ఎత్తలేదు. ఆడవాళ్లు పోరడం మానేస్తే మగవాళ్లు గెలిచామనుకుంటారు. మా బావ కూడా అలాగే అనుకున్నాడు.

రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్న రోజు వచ్చింది. నేను సామాన్లు సర్దడానికి వెళ్లేసరికి బాత్రూములోంచి దబదబా చప్పుడు. బావ లుంగీ ఎగ్గట్టి, ఉలీ సుత్తీ పట్టుకుని గోడ టైల్స్ పీకుతున్నాడు. తర్వాత వచ్చేవాడికి ఎందుకు వదలాలి అని. ఒక్కటి కూడా సరిగ్గా ఊడలేదు. అన్నీ ముక్కలే. చెమటలు కక్కుతూ ఆ ముక్కల మధ్య కూలబడ్డాడు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు జాలేసింది. లేచి వెళ్లి మునగచెట్టు కూడా నరికేశాక ఆ జాలి పోయింది.

కూర్మన్నపాలెంలో ఒక అపార్టుమెంటులో రెండో అంతస్తు అద్దెకి తీసుకున్నాడు. ఎదురు ఫ్లాటులో ఓనరు. ఆయన రోజూ పొద్దున్నే "నమస్తే సార్" అనేవాడు. పండగలకి స్వీట్లు పంపేవాడు. అద్దె గురించి కూడా పక్కింటివాళ్లకి వినపడకుండా మాట్లాడేవాడు. బావ మురిసిపోయేవాడు. "సూసినావా బావా? ఏరియా అంటే ఇదీ" అనేవాడు.

తర్వాత పక్షవాతం వచ్చింది. ఒక చెయ్యీ, ఒక కాలూ, సగం నోరూ పోయాయి. తిట్టే మనిషికి దేవుడు నోటి దగ్గరే దెబ్బ కొట్టాడని మావాళ్లు అన్నారు. దేవుడు అంత లెక్కగా పనిచేస్తాడని నేననుకోను. కొన్ని నెలలకి మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం.

ఆ మధ్యాహ్నమే ఓనరు వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. నిజంగానే బాధపడుతూ ఎలా ఉందని అడిగాడు. మంచినీళ్లిస్తే తాగాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, తప్పుగా అనుకోకండి. మా పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. ఇంట్లో ఏదైనా జరిగితే..." అని ఆగాడు.

"ఏటి జరిగితే?" అంది అక్క.

"అదేనమ్మా. నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలంటారు పంతులుగారు. మళ్లీ ఎవరూ అద్దెకి రారు. మళ్లీ ఆస్పత్రిలోనే చేర్పించేస్తే అందరికీ గౌరవంగా ఉంటుంది."

"ఏటి జరిగితేనండీ? సెప్పండి."

ఓనరు తలొంచుకున్నాడు. "సారు పోతే" అన్నాడు. "తర్వాత కూడా... పైకి తీసుకురావద్దమ్మా."

పడగ్గది తలుపు తెరిచే ఉంది. బావ కళ్లు తెరిచి ఉన్నాయి. చెవులకి పక్షవాతం రాదు.

ఓనరు వెళ్లాక అక్క లోపలికెళ్లి మంచం మీద కూర్చుంది. ఆయన నోటి పక్కన కారిన చొంగ తుడిచింది. గొంతు పెంచలేదు. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఏం తింటావని అడిగినట్టు మెత్తగా అడిగింది. "ఇన్నారా? మీ కల్చరోడు ఏటన్నాడో ఇన్నారా? ఎక్కడ పెట్టమంతారు మిమ్మల్ని?"

ఆయన గోడవైపు చూశాడు.

"సెప్పండి. బండెక్కించి మీ ఊరంపీమంతారేటి? మీ ఊల్లో ఎవులున్నారు? నాకైతే తమ్ముడున్నాడు."

నేను "అక్కా, చాల్లే" అన్నాను. ఆవిడ వినలేదు. ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన ఎడమకంట్లోంచి నీళ్లు కారాయి. పక్షవాతం వచ్చినప్పట్నుంచీ ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉండేది. ఏడ్చాడో లేదో చెప్పలేను.

సాయంత్రమే మళ్లీ అంబులెన్సు. మర్నాడు ఆస్పత్రిలో పోయాడు. తీసుకొచ్చి అపార్టుమెంటు ప్రహరీ బయట, ట్రాన్స్‌ఫార్మరు పక్కన, ఫ్రీజరు పెట్టెలో పెట్టాం. పైన ఒక షామియానా గుడ్డ. మా ఊరినుంచి మనుషులు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పటిదాకా అక్కడే. నీళ్లటిన్నుల బండివాడు దారి లేక హారన్ కొట్టాడు. ఎదుటి మేడవాళ్లు కిటికీలు వేసుకున్నారు. స్కూలు బస్సు ఒకటి వచ్చి, పెట్టెను కొంచెం జరపమంది. జరిపాం. ఓనరు ఫ్లాస్కులో కాఫీ పంపించాడు. మంచి కాఫీ.

ఎండ ముదిరే వేళకి సాయిబు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. వెంట గోడెనక మనుషులు నలుగురున్నారు, ట్రాలీ ఆటో ఉంది. సాయిబు పెట్టె దగ్గర నిలబడి కాసేపు చూశాడు. అక్క దగ్గరికొచ్చి, "ఇదేటమ్మా, రోడ్డు మీద?" అన్నాడు. "ఆ ఇల్లు ఇంకా కాళీగానే ఉన్నాది. కడిగించి వచ్చినాను. ముందుగదిలో పడుకోబెడదాం రండి. మీ పద్దతులన్నీ అక్కడే సేసుకోండి. మా ఈదిలో ఎవులూ ఏటీ అనరు."

నేను లేచాను. పెట్టె ఎత్తడానికి ఆ నలుగురూ ముందుకొచ్చారు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు బాబాయ్. ఆయనకి ఆ వీది పడదు."

"పోయినోడికి పడ్డమేటమ్మా, పడకపోవడమేటి?"

"బతికినప్పుడన్న మాట బాబాయ్. అందరి ముందరా అన్నాడు. నాను తప్పించలేను."

సాయిబు ఆ నలుగురినీ వెనక్కి రమ్మని సైగ చేశాడు. షామియానా కింద కూర్చున్న మా చుట్టాల్లో ఒకావిడ కళ్లొత్తుకుంటూ, పోయాక కూడా మొగుడి మాట జవదాటలేదు చూడండి అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా మా ఊరిదాకా పాకింది. ఇప్పటికీ అక్కని అందుకే మెచ్చుకుంటారు. చీకటిపడే ముందు ఎత్తేదాకా బావ ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్కనే ఉన్నాడు.

ఏడూడు, అంటే సంవత్సరీకం, వెళ్లాక అక్క గోడెనక ఇల్లు కొంది. బావ దాచిన సొమ్మే. పాలు పొంగించిన రోజు మేమే నలుగురం, సాయిబు ఇంటివాళ్లు. మందు దుకాణం అక్కడే ఉంది, పేకాట కూడా. పేకాటవాళ్లు మాత్రం ఆవేళ అక్కని చూసి లేచి నిలబడ్డారు. అక్క నన్ను ముందుగదిలోకి తీసుకెళ్లింది. తన తల ఎటు ఉండాలో, దీపం ఎక్కడ పెట్టాలో, మనుషులు ఏ తలుపునుంచి వచ్చి చూసి వెళ్లాలో చూపించింది. పెళ్లిపందిరి ఎక్కడ వెయ్యాలో చెప్తున్నంత హుషారుగా చెప్పింది. ఆవిడ మొహంలో అంత నెమ్మది నేను ముందెప్పుడూ చూడలేదు.

ఇంతకాలం అడగలేనిది అప్పుడు అడిగాను. "ఆవేళ బావని కూడా ఇక్కడ పెట్టుండొచ్చు కదక్కా?"

అక్క వంగి, నేల మీద పడిన బియ్యపు గింజలు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"పెట్టొచ్చురా" అంది. "నాకే పెట్టబుద్దెయ్యలేదు."